మీ కుక్కయితే ఏం చేస్తారు?

"డాక్టరుగారూ, ఇదే మీ కుక్కయితే ఏం చేస్తారు?" పశువుల ఆసుపత్రి బల్ల దగ్గర తరచు వినిపించే ప్రశ్న ఇది. పిల్లలతో పాటు పెరిగిన కుక్కకు ఆఖరి ఇంజెక్షను ఇమ్మని చెప్పడానికి నోరు రాదు మరి. డెల్టా పల్లెల్లో కొందరు ఆ మాట అనలేకే గోనెసంచిలో కట్టి కాలువ అవతల వదిలేసి వస్తారు. ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. విజయవాడ చుట్టుపక్కల వారికి గన్నవరంలో 1998 నుండి పశువైద్య కళాశాలే ఉంది.

మంచి డాక్టరు వెంటనే జవాబివ్వరు. తామే అడుగుతారు: "అమ్మా, అన్నం ముడుతోందా? తనంతట లేస్తోందా? మిమ్మల్ని చూస్తే తోక ఆడిస్తోందా? వారంలో బాగున్న రోజులెన్ని?" చెబుతూండగానే సంగతి ఇంటివారికే బోధపడుతుంది. నయమయ్యే జబ్బయితే ఆ మాటా దాచకూడదు. కాపలాకు పనికిరాలేదని తెచ్చిన కుక్కను కాదనడమే న్యాయం.

జరగబోయేది ముందే చెప్పాలి. మొదట మత్తు, తరువాత మోతాదు మించిన మత్తుమందు నరంలోకి. స్పృహ పోయాకే గుండె ఆగుతుంది. కళ్లు మూతపడకపోవచ్చు, ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చు. అది నొప్పి కాదు. ఇది తెలియని ఇల్లాలు ఏళ్ల తరబడి కుమిలిపోతుంది.

మన సంఘాల్లో పెద్దలు పోతే "నిద్రించారు" అంటాం. చిన్నపిల్లలతో మాత్రం ఆ మాట వద్దు, రాత్రి పడుకోవడానికే భయపడతారు. చనిపోయిందనే చెప్పండి.

ఆ మందు కళేబరంలో నిలిచి ఉంటుంది. గట్టున పారేస్తే తిన్న కుక్కలూ పక్షులూ చస్తాయి. లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.