పైసలు పోయినయి, పెట్టె పలకలేదు

హైదరాబాద్ ఆబిడ్స్‌లో చిన్న కొట్టయినా, నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాలైనా, సాయంత్రం రద్దీలో కౌంటర్ దగ్గర వినిపించే మాట ఒకటే. "పైసలు పోయినయన్నా, చూడు" అని ఫోను చూపిస్తారు కొన్నవాళ్లు. "నాకింకా రాలేదక్కా" అంటాడు కొట్టతను. వెనకున్న వరుస ఇద్దర్నీ విసుక్కుంటుంది. నిజానికి ఆ క్షణంలో వాళ్లిద్దరి చేతిలోనూ ఏమీ లేదు.

పిన్ కొట్టగానే చెల్లింపు సందేశం యాప్ వెనకున్న బ్యాంకు ద్వారా, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐకి చేరుతుంది. అక్కణ్ణుంచి మీ బ్యాంకుకు వెళ్లి డబ్బు తీయిస్తుంది, కొట్టతని బ్యాంకులో వేయిస్తుంది, ఆపైనే ఇద్దరికీ కబురు. ఇందులో ఏ ఒక్కచోట ఆలస్యమైనా అందరూ ఆగాల్సిందే. డబ్బు వచ్చిందని కౌంటర్ మీద పలికే పెట్టెకైతే తరచు వేరే సిమ్ ఉంటుంది. అందుకే మీ ఫోన్లో ఆకుపచ్చ టిక్కు పడ్డా అది పలక్కపోవచ్చు. అలాంటప్పుడు కొట్టతను మీ మాట నమ్మలేదని నొచ్చుకోకండి. దొంగ స్క్రీన్‌షాట్లకు మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, అతని జాగ్రత్త న్యాయమైనదే. పెట్టె కోసం చూడకుండా తన యాప్‌లో ఖాతా చూసుకుంటే వరుస త్వరగా కదులుతుంది.

నుమాయిష్‌లాంటి చోట వేల ఫోన్లు ఒకే టవర్ల మీద పడి సందేశాలు ఆలస్యమవుతాయి. ఒక్కోసారి మొత్తం వ్యవస్థే తడబడుతుంది. 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న దేశమంతటా చాలా యూపీఐ చెల్లింపులు ఆగాయి. అదే ఏడాది జూన్ 16 నుంచి, చెల్లింపు ఏమైందో తేల్చి చెప్పే గడువును 30 సెకన్ల నుంచి 10కి తగ్గించారు.

చాయ్, బిస్కెట్లలాంటి చిన్న ఖర్చులకు యూపీఐ లైట్ మేలు. ముందే ఫోన్లో వేసుకున్న సొమ్ములోంచి వెయ్యి రూపాయల లోపు పిన్ లేకుండా కట్టొచ్చు. ప్రతిసారీ మీ బ్యాంకు జవాబు కోసం ఆగక్కర్లేదు.

"పెండింగ్" అని చూపిస్తుంటే మాత్రం కంగారుపడి రెండోసారి కట్టొద్దు, ముందు స్టేటస్ చూడండి. డబ్బు కోతపడి దుకాణానికి ఖరారు కాకపోతే, 2019 సెప్టెంబరు నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం అయిదు రోజుల్లో దానంతటదే తిరిగి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు దక్కాలి. ఈ హక్కు చాలామందికి తెలియదు, అదే నా బాధ. లావాదేవీకి 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. యాప్‌లో అయినా బ్యాంకులో అయినా ఫిర్యాదుకు అడిగేది దాన్నే. కౌంటర్ వదిలే ముందే రాసుకోండి.