బోస్టన్‌లో అద్దె ఇల్లు: వీసా తేదీ, లీజు తేదీ

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర రాజధాని బోస్టన్‌లోనూ, చార్లెస్ నదికి ఆవలి ఒడ్డున దానిని ఆనుకొని ఉన్న కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాలలోనూ హార్వర్డ్, ఎమ్ఐటి, బోస్టన్ యూనివర్సిటీ, నార్త్ఈస్టర్న్, టఫ్ట్స్ వంటి విశ్వవిద్యాలయాలు కొద్ది మైళ్ల విస్తీర్ణంలోనే కిక్కిరిసి ఉన్నాయి. వీటి హాస్టళ్లలోని గదులు ఎక్కువగా డిగ్రీ విద్యార్థులకే కేటాయింపబడతాయి కాబట్టి, ఎమ్ఎస్, పిహెచ్‌డి చదువులకు వచ్చేవారిలో అధిక భాగం క్యాంపస్ బయట అద్దె ఇల్లు చూసుకోక తప్పదు. ఈ వెతుకులాట మిగిలిన నగరాలలో జరిగే వెతుకులాట వంటిది కాదు. ఇక్కడి అద్దె ఒప్పందాలలో, అంటే లీజులలో, చాలా వరకు సెప్టెంబరు 1న మొదలై మరుసటి ఏడాది ఆగస్టు 31న ముగుస్తాయి. నగరంలోని అద్దె ఇళ్లలో పెద్ద భాగం ఒకే రోజున ఖాళీ అయి ఒకే రోజున నిండుతుందన్న ఈ ఒక్క సంగతిని పట్టుకుంటే, అక్కడి విద్యార్థి ఎదుర్కొనే చిక్కులలో సగానికి మూలం దొరుకుతుంది.

సెప్టెంబరులో దిగవలసిన ఇంటికి బేరం అంతకు ముందటి చలికాలంలోనే మొదలవుతుంది. ఉన్నవారు మరో ఏడాది కొనసాగుతారో లేదో ఇంటి యజమానులు డిసెంబరు, ఫిబ్రవరి మధ్యనే అడిగి తెలుసుకుంటారు. కొనసాగబోమన్నవారి ఇళ్లు వెంటనే ప్రకటనలకెక్కుతాయి. వేసవి వచ్చేసరికి క్యాంపస్‌కు దగ్గరగా, అందుబాటు అద్దెలో ఉన్నవి చాలా వరకు చేతులు మారిపోతాయి. తెలుగు రాష్ట్రాల నుంచి బయలుదేరే విద్యార్థి క్యాలెండర్ దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. ప్రవేశం ఖరారై, వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం చేతికొచ్చి, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ దొరికి, వీసా ముద్ర పడేసరికి తరచుగా జూన్, జూలై నెలలు వచ్చేస్తాయి. వీసా రాకముందే లీజు మీద సంతకం చేస్తే, వీసా తిరస్కరించబడినా పన్నెండు నెలల అద్దెకు బాధ్యత మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. వచ్చాక చూద్దామనుకుంటే మిగిలినవే దిక్కు. బోస్టన్‌లో ఇల్లు దొరకకపోవడానికి ఇళ్ల కొరతనే కారణంగా చెప్పడం పరిపాటి గాని, ఈ రెండు క్యాలెండర్ల పొత్తు కుదరకపోవడం కూడా దానికి తీసిపోని కారణం.

ఈ అంతరాన్ని తెలుగు విద్యార్థులు తమదైన పద్ధతిలో పూడ్చుకుంటూ వస్తున్నారు. అప్పటికే అక్కడ చదువుతున్న సీనియర్లు వసంతకాలంలో ఇల్లు మాట్లాడి, లీజు తమ పేర్ల మీద రాయించుకొని, రాబోయే జూనియర్లకు వాట్సాప్ గ్రూపుల ద్వారా ‘స్పాట్’లు ఇస్తారు. స్పాట్ అంటే పంచుకునే గదిలో ఒక మనిషికి పడక వేసుకునేంత చోటు. శాకాహారమా మాంసాహారమా, వంట వంతులవారీగానా విడివిడిగానా, గదిలో ఎందరు అన్న వివరాలు అద్దె మొత్తంతో పాటే ఆ సందేశాలలో కనిపిస్తాయి. ఎఫ్-1 విద్యార్థి వీసా గలవారు కోర్సు ప్రారంభానికి 30 రోజులకు మించి ముందుగా దేశంలో అడుగుపెట్టడానికి వీలులేదు కనుక వారిలో చాలామంది ఆగస్టులో దిగుతారు. సెప్టెంబరు 1 వరకు ఊరికి పోయినవారి గదిలో తాత్కాలికంగా తల దాచుకుంటారు. పాత లీజు ఆగస్టు 31తో ముగిసి కొత్తది మర్నాడు గాని మొదలుకాకపోవడం వల్ల ఆ ఒక్క రాత్రి సామాను లారీలోనూ, మనుషులు స్నేహితుల హాల్లోనూ గడపడం అక్కడ ఏటా జరిగే తంతు.

ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు మైళ్ల లెక్క కన్నా రైలు మార్గం లెక్క మేలైన జవాబు ఇస్తుంది. స్థానికులు ‘టి’ అని పిలిచే పట్టణ రైళ్లలో గ్రీన్ లైన్ బి శాఖ బోస్టన్ యూనివర్సిటీ మీదుగా ఆల్‌స్టన్, బ్రైటన్ పేటల వైపు సాగుతుంది. ఇ శాఖ నార్త్ఈస్టర్న్ ముందు నుంచి మిషన్ హిల్‌కు పోతుంది. ఆరెంజ్ లైన్ రగల్స్ స్టేషన్ దగ్గర అదే విశ్వవిద్యాలయాన్ని తాకి, దక్షిణాన జమైకా ప్లెయిన్‌ను, ఉత్తరాన మాల్డెన్‌ను కలుపుతుంది. రెడ్ లైన్ హార్వర్డ్, ఎమ్ఐటిలను దక్షిణాన ఉన్న క్విన్సీతో జోడిస్తుంది. దూరంగా ఉన్న మాల్డెన్, క్విన్సీల నుంచి రైలు మారకుండా క్యాంపస్ చేరేవారు, దగ్గరే అనిపించినా రెండు బస్సులు మారవలసిన పేటవారికన్నా సుఖపడతారు. అయితే ఈ రైళ్లు తెల్లవార్లూ నడవవు. ప్రయోగశాలలో అర్ధరాత్రి దాటేదాకా పనిచేసే పరిశోధక విద్యార్థి ఆఖరి రైలు వేళను, ఇంటికి నడిచే దారిని కూడా అద్దెతో కలిపి తూచుకోవలసి ఉంటుంది.

ఈ పేటలలో ఎక్కువగా కనిపించేవి ట్రిపుల్ డెక్కర్లనే మూడంతస్తుల కర్ర ఇళ్లు. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలలో కార్మిక కుటుంబాల కోసం అంతస్తుకొక వాటాగా కట్టిన ఈ ఇళ్లలో నేడు విద్యార్థుల గుంపులు ఉంటున్నాయి. ఒక ఇంట్లో ఎందరు ఉండవచ్చునన్న విషయంలో రెండు వేర్వేరు నిబంధనలు ఉన్నాయి. వాటిని కలగాపులగం చేసుకోవడం మామూలే. 2008లో బోస్టన్ నగరం తెచ్చిన జోనింగ్ (స్థల వినియోగ) నియమం ఒకే వాటాలో నలుగురికి మించి పూర్తికాల డిగ్రీ విద్యార్థులు ఉండరాదంటుంది. ఎమ్ఎస్ విద్యార్థులు ఈ లెక్కలోకి రారు. రాష్ట్ర పారిశుద్ధ్య నియమావళి మాత్రం అందరికీ వర్తిస్తుంది. దాని ప్రకారం ఇంట్లో మొదటి మనిషికి 150 చదరపు అడుగులు, ఆపైన ఒక్కొక్కరికి 100 చదరపు అడుగులు చోటు ఉండాలి. పడకగదిలో ఒక్కరే ఉంటే 70, ఎక్కువమంది ఉంటే మనిషికి 50 చదరపు అడుగులకు తగ్గకూడదు. ఖర్చు తగ్గించుకోవడానికి హాల్లో తెర కట్టి ఇద్దరిని అదనంగా పడుకోబెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది గాని, లీజులో పేరు లేని ఆ ఇద్దరికీ యజమాని మీద చూపించుకోవడానికి కాగితపు హక్కంటూ ఉండదు. జాగా కన్నా ఈ పేరు లేకపోవడమే పెద్ద లోపం.

డబ్బు దగ్గరికి వస్తే, మసాచుసెట్స్ చట్టం యజమానికి గట్టి హద్దే గీసింది. అద్దెకు దిగేటప్పుడు అతను మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె, ఒక నెల అద్దెకు మించని సెక్యూరిటీ డిపాజిట్, కొత్త తాళం ఖర్చు మాత్రమే అడగవచ్చు. వీటికి తోడు, యజమాని తరఫున ఇల్లు చూపించే బ్రోకరుకు ఒక నెల అద్దె ఫీజుగా ఇచ్చుకోవడం దశాబ్దాలుగా అద్దెదారు నెత్తినే పడేది. నెలకు 3,000 డాలర్ల వాటా అనుకుంటే, తలుపు తెరవడానికి ముందే 12,000 డాలర్లు చేతిలో ఉండాలన్నమాట. 2025 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టం ఈ పద్ధతిని మార్చి, బ్రోకరును ఎవరు నియమించుకుంటే వారే ఫీజు కట్టాలని నిర్దేశించింది. యజమానులు ఆ మొత్తాన్ని అద్దెలో కలిపి రాబట్టుకోవడానికి ఆస్కారం లేకపోలేదు. అయినా ఒకేసారి కట్టవలసిన భారం నెలలకు పరచుకోవడం, విద్యారుణం మీద వచ్చినవారికి చిన్న ఊరట కాదు.

కొత్తగా వచ్చిన విదేశీ విద్యార్థికి మరో అడ్డంకి క్రెడిట్ స్కోరు. అప్పులు, బిల్లులు సకాలంలో తీర్చిన చరిత్రను అంకెలలో చెప్పే ఈ కొలమానం అమెరికాలో అంతకుముందు ఉండని వ్యక్తికి ఉండే అవకాశమే లేదు. అందుకని యజమానులు గ్యారంటర్‌ను, అంటే అద్దె ఎగ్గొడితే తాను కడతానని సంతకం చేసే మనిషిని, అదీ అమెరికాలో ఆదాయం ఉన్నవారిని అడుగుతారు. బంధువులు ఉన్నవారికి ఇది తేలిక. లేనివారు రుసుము తీసుకొని హామీ ఇచ్చే సంస్థలను ఆశ్రయించాలి. ఇతర రాష్ట్రాలలో కొందరు ఆరు నెలల అద్దె ముందే కట్టి ఈ గండం గట్టెక్కుతారు. మసాచుసెట్స్‌లో అలా అడగడం యజమానికి చట్టవిరుద్ధం. అద్దెదారును కాపాడడానికి చేసిన నియమమే, స్కోరు లేక చేతిలో డబ్బు మాత్రమే ఉన్నవాడి దగ్గర మిగిలిన ఒక్క బేరసారాన్ని కూడా తీసివేసిందనడం అన్యాయం కాబోదు.

లీజు కాగితంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసింది ఉమ్మడి బాధ్యత గురించిన షరతు. నలుగురు కలిసి సంతకం చేసినప్పుడు ఒక్కొక్కరు తమ పావు వాటాకే పూచీ పడ్డారన్న భ్రమ సర్వసాధారణం. ఈ షరతు ఉన్న లీజులో నలుగురిలో ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులే. ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఆ భాగాన్ని మిగిలినవారి నుంచి వసూలు చేసుకునే హక్కు యజమానికి ఉంటుంది. డిసెంబరులోనో, మే నెలలోనో చదువు ముగించి టెక్సాస్‌కో కాలిఫోర్నియాకో ఉద్యోగానికి పోయేవారు ప్రతి గుంపులోనూ ఉంటారు గనుక ఇది ఊహామాత్రమైన ప్రమాదం కాదు. తమ స్థానంలో మరొకరిని పెట్టడాన్ని సబ్‌లీజు అంటారు. దానికి యజమాని రాతపూర్వక అనుమతి కావాలని చాలా లీజులు పట్టుబడతాయి.

ఇల్లు చూడకుండానే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో డబ్బు పంపవలసి రావడం మోసగాళ్లకు అనువైన అవకాశం. మార్కెట్ ధరకన్నా బాగా తక్కువ అద్దె, ప్రస్తుతం ఊళ్లో లేనని చెప్పే యజమాని, తిరిగి రాబట్టుకోలేని పద్ధతిలో వెంటనే అడ్వాన్సు పంపమనే తొందర, ఈ మూడూ కలిస్తే అనుమానించవలసిందే. అక్కడున్న తెలిసినవారు ఒక్కసారి లోపలికి వెళ్లి వీడియో కాల్‌లో చూపించడం చాలా మోసాలను ఆదిలోనే ఆపుతుంది.

చలి సంగతి వేసవిలో ఇల్లు కుదుర్చుకునేవారికి గుర్తుండదు. సెప్టెంబరు 15 నుంచి మే 31 వరకు ఇంట్లో పగలు కనీసం 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్, రాత్రి 64 డిగ్రీల వేడి ఉండేలా చూడడం యజమాని బాధ్యతని రాష్ట్ర పారిశుద్ధ్య నియమావళి చెబుతుంది. అయితే ఇంధనం ఖర్చు అద్దెదారే భరించాలని లీజులో రాసుకునే వీలుంది. గాలి చొరబడే పాత కర్ర ఇంట్లో జనవరి బిల్లు చూశాక, వేడి, వేడినీళ్లు కలిపి ఇచ్చే కాస్త ఎక్కువ అద్దె ఇల్లే చవక అని తేలడం అరుదు కాదు.

సెప్టెంబరు 1న ఆల్‌స్టన్ కాలిబాటల మీద వదిలేసిన మంచాలు, బల్లలు, సోఫాలు గుట్టలుగా పడి ఉంటాయి. ‘ఆల్‌స్టన్ క్రిస్మస్’ అని స్థానికులు వేళాకోళంగా పిలిచే ఆ రోజున సామాను ఏరుకొని ఇల్లు అమర్చుకునేవారు చాలామందే గాని, నల్లులు పట్టిన పరుపును ఉచితంగా తెచ్చుకోవడం కన్నా ఖరీదైన పని మరొకటి లేదు. అదే రోజున అద్దె లారీలు స్టోరో డ్రైవ్ అనే రహదారిలోని తక్కువ ఎత్తు వంతెనల కింద ఇరుక్కోవడం కూడా ఏటా వార్తలకెక్కుతుంది.

తాళాలు అందాక మొదటి రోజుల్లో చేయవలసిన పని ఒకటుంది. దాని ఫలితం ఏడాది తరువాత తెలుస్తుంది. డిపాజిట్ తీసుకున్న యజమాని దానిని విడిగా వడ్డీ వచ్చే బ్యాంకు ఖాతాలో ఉంచి, 30 రోజులలోగా రసీదు ఇవ్వాలి. ఇంటి స్థితిని వివరించే పత్రాన్ని 10 రోజులలోగా అందించాలి. పగిలిన కిటికీ, మరకపడిన గోడ అందులో లేకపోతే అద్దెదారు వాటిని చేర్చి, ఫొటోలు తీసి ఉంచుకొని, 15 రోజులలోగా తిరిగి ఇవ్వాలి. ఇల్లు ఖాళీ చేసిన 30 రోజులలోపు డిపాజిట్ వడ్డీతో సహా వెనక్కి రావాలి. ఏదైనా మినహాయిస్తే నష్టాన్ని అంశాలవారీగా రాసి, బిల్లులు గాని, అంచనాలు గాని జతచేయాలి. ఈ విధులలో ముఖ్యమైనవాటిని ఉల్లంఘించిన యజమాని డిపాజిట్‌కు మూడు రెట్లు చెల్లించవలసి వస్తుంది. 7,000 డాలర్ల వరకు ఉన్న వివాదాలను వకీలు లేకుండానే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో తేల్చుకోవచ్చు. ఉద్యోగం కోసం మరో రాష్ట్రానికి తరలిపోయే విద్యార్థి తన కొత్త చిరునామాను యజమానికి రాతపూర్వకంగా ఇచ్చి వెళ్లకపోతే, డిపాజిట్ చెక్కు పాత ఇంటి తపాలాపెట్టెలోనే చేరి, సెప్టెంబరు 1న కొత్తగా దిగినవారి చేతికి చిక్కుతుంది.