చిక్కుల్లో పడిన సింగిల్ ప్లేయర్ గేమ్‌కు మల్టీప్లేయర్ మందవుతుందా?

ఒక్కరే ఆడే వీడియో గేమ్ తయారీలో చిక్కులు వచ్చినా, విడుదలయ్యాక కొన్నవారిని నిరాశపరచినా, పలువురు కలిసి ఆడే మల్టీప్లేయర్ విభాగాన్ని చేర్చితే గట్టెక్కుతుందన్న ఆశ కలగడం సహజం. ఆ ఆటలో రెండో మనిషికి పని ఉందా అన్నదానిపైనే ఫలితం చాలావరకు ఆధారపడుతుంది. రెండు ఆటలను పరిశీలిస్తే మీకిది స్పష్టమవుతుంది.

ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌కు చెందిన హలో గేమ్స్ అనే చిన్న సంస్థ 2016 ఆగస్టులో 'నో మ్యాన్స్ స్కై' విడుదల చేసింది. ఇందులో ఆటగాడు అంతరిక్షంలో గ్రహం నుంచి గ్రహానికి తిరుగుతాడు. దారిలో ఇతర ఆటగాళ్లు ఎదురుపడవచ్చని సంస్థ ముందే చెప్పింది. విడుదలైన వెంటనే ఇద్దరు ఒకే గ్రహంపై ఒకే చోటికి చేరుకున్నారు. ఒకరికొకరు కనబడలేదు! డబ్బు పెట్టి కొన్నవారి ఆగ్రహాన్ని మీరు ఊహించగలరు.

తరువాత జరిగిన క్రమాన్ని గమనించండి. సంస్థ ముందుగా 2016 నవంబరులో స్థావరాలు కట్టుకునే వీలు కల్పించింది. 2017 మార్చిలో నేలపై నడిపే వాహనాలను, ఆగస్టులో మరింత కథను చేర్చింది. అప్పటికి తోటి ఆటగాళ్లు వెలుగు గోళాలుగా మాత్రమే కనిపించేవారు. పూర్తిస్థాయి మల్టీప్లేయర్ 2018 జులైలో వచ్చింది. అప్పటికి కలిసి చేయడానికి పని ఉంది గనుకనే అది రాణించింది.

సాంకేతికంగా కూడా ఈ ఆట అందుకు అనువైనది. ఇందులోని గ్రహాలు ముందుగా గీసి దాచినవి కావు. ఒక సంఖ్య ఆధారంగా, కొన్ని సూత్రాల ప్రకారం కంప్యూటర్ వాటిని అప్పటికప్పుడు నిర్మిస్తుంది. సంఖ్య ఒకటే అయితే ఎవరు ఆడినా అదే గ్రహం వస్తుంది. కాబట్టి గ్రహాన్నంతా నెట్‌వర్క్‌లో పంపనక్కరలేదు. ఆటగాళ్ల కదలికలు, వారు చేసిన మార్పులు పంపితే చాలు. అలాగని ఈ పని సులువని అనుకోకండి.

రెండో ఆట 2012 జూన్‌లో వచ్చిన 'స్పెక్ ఆప్స్: ది లైన్'. బెర్లిన్‌లోని యాగర్ స్టూడియో తయారుచేసిన ఈ ఆట, ప్రకటించిన రెండున్నరేళ్లకు గాని బయటికి రాలేదు. ఇసుక తుఫానులకు నాశనమైన దుబాయ్‌లో కథ నడుస్తుంది. వాకర్ అనే సైనికాధికారి చేతిలో సామాన్య పౌరులు చనిపోతారు. మీట నొక్కింది మాత్రం ఆటగాడే! ఆ అపరాధ భావనే ఈ ఆటకు ప్రాణం. ప్రచురణ సంస్థ పట్టుబట్టడంతో మల్టీప్లేయర్‌ను వేరొక స్టూడియో తయారుచేసింది. అందులో ఎదుటివారిని చంపితే పాయింట్లు వస్తాయి. కథ దేనికి సిగ్గుపడమంటుందో దానికే ఇక్కడ బహుమతి. ఆట విడుదలైన కొద్ది నెలలకే ప్రధాన డిజైనర్ కోరీ డేవిస్ ఈ విభాగాన్ని బహిరంగంగా తప్పుపట్టారు.

ఖర్చు సంగతి సరేసరి. సర్వర్లు కావాలి, జోడీలు కుదిర్చే ఏర్పాటు కావాలి. అన్నిటికీ మించి ఆడేవాళ్లు కావాలి. అమ్ముడుపోని ఆటలో మల్టీప్లేయర్ తెరిస్తే, ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూస్తూ కూర్చోవడమే మిగులుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీకు తెలిసిన ఒక సింగిల్ ప్లేయర్ గేమ్‌ను తీసుకోండి. అందులోకి రెండో ఆటగాడు వస్తే అతడికి ఏ పని అప్పగిస్తారు? కథలో ఏది చెడుతుంది?