తిప్పతీగ: గట్టు మీది మందే, కానీ గుర్తుపట్టి వాడాలి



కరోనా తర్వాత మన దగ్గర కూరగాయలు కొనేవాళ్లు కూడా "తిప్పతీగ ఉంటే ఓ రెండు కేజీలు పంపండి" అని అడుగుతున్నారు. మన విజయనగరం వైపు వేపచెట్ల మీద, తాటి మొదళ్ల మీద, జీడితోటల కంచెల మీద ఇది నాటకుండానే పాకుతుంది. ఊరికే దొరుకుతోంది కదా అని కోసి ఇచ్చేయకండి. అది మనుషులు తాగేది.

దేనికి వాడేవారు?

ఆయుర్వేదంలో దీన్ని గుడూచి, అమృత అంటారు. హిందీలో గిలోయ్. విడవని జ్వరానికి, కీళ్ల నొప్పులకు, కామెర్లకు, దురదలకు, షుగరుకు వాడే అలవాటు ఉంది. మందుగా ఎక్కువ విలువ కాండానికే. వేప మీద పాకిన తీగ మంచిదని పెద్దల మాట.

తిప్పసత్తు ఇలా తీస్తారు. వేలు లావు పచ్చి కాండం పైపొర గీకి, ముక్కలు చేసి దంచాలి. నీళ్లలో రాత్రంతా నానబెట్టి, బాగా పిసికి వడకట్టాలి. ఆ నీళ్లు కదపకుండా ఉంచితే తెల్లటి పిండి అడుక్కి దిగుతుంది. పైనీళ్లు వంపేసి ఎండబెడితే అదే సత్తు.

గుర్తుపట్టడం ఎలా?

వీడియోలో తీగ కోసి చూపించాను, మళ్లీ చెప్తున్నా:

- ఆకు హృదయం ఆకారంలో, నున్నగా ఉంటుంది.
- కాండం మీద కాగితం లాంటి పల్చటి పొర లేస్తుంది. గీకితే లోపల పచ్చగా ఉంటుంది.
- అడ్డంగా కోస్తే బండి చక్రం ఆకుల్లా గీతలు కనిపిస్తాయి.
- పై నుంచి దారాల్లాంటి వేర్లు వేలాడతాయి.
- పండు గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది.

కాండం నిండా పులిపిర్లలాంటి బొడిపెలు ఉండి, కోస్తే పాలలాంటి రసం వస్తే అది టినోస్పోరా క్రిస్పా అనే వేరే జాతి. ఆకు అడుగున మెత్తటి నూగు దట్టంగా ఉంటే అదీ వేరే జాతే. రెండూ ఇవ్వకండి.

అసలు తీగే అయినా జాగ్రత్త

2021లో ముంబై డాక్టర్లు గిలోయ్ వాడిన ఆరుగురిలో లివర్ దెబ్బతిన్నట్టు రాశారు. వాళ్లు వాడింది క్రిస్పా అయి ఉండొచ్చని ఆయుష్ శాఖ వైపు నుంచి జవాబు వచ్చింది. 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల డాక్టర్లు ఇలాంటి 43 మంది వివరాలు బయటపెట్టారు. అందులో చాలామందికి వచ్చింది శరీరమే తన లివర్ మీద దాడి చేసే రకం జబ్బు. రోగనిరోధక శక్తిని కదిలించే మందు కదా, కొందరి ఒంట్లో అదే ఎదురు తిరుగుతుంది.

అందుకే రోజూ టీలాగా తాగే వస్తువు కాదిది. 2020లో కరోనాకి ఆయుష్ శాఖ గుడూచి మాత్రలు సూచించినప్పుడు కూడా 15 రోజులో, నెలో అని గడువు పెట్టింది. గర్భిణులు, బాలింతలు, లివర్ జబ్బు, థైరాయిడ్, షుగరు ఉన్నవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోవద్దు. షుగరు మాత్రలకి ఇది తోడైతే షుగరు మరీ పడిపోవచ్చు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకి మారినా, ఆకలి చచ్చిపోయినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

మన పొలంలో

దశపర్ణి కషాయంలో వేసే ఆకుల్లో తిప్పతీగ ఒకటి. వేప, కానుగ, వావిలి, సీతాఫలం ఆకులతో కలిపి ఊరబెడతాం. పెంచడం కూడా తేలికే. రెండు కణుపులున్న కాండం ముక్కని తొలకరిలో వేపచెట్టు మొదట్లో గుచ్చితే చాలు. కోసేటప్పుడు నేల నుంచి కొంత మోడు వదిలితే మళ్లీ చిగురిస్తుంది. మొదలంటా పెరికితే వచ్చే ఏడాదికి మిగలదు.

అమ్మేవాళ్లకి ఒక మాట. "షుగరు తగ్గిస్తుంది" అని ప్యాకెట్ మీద రాయకండి. అలాంటి ప్రకటనల్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఏ చెట్టు మీద తీగ, ఎప్పుడు కోశారు, మందులు కొట్టని పొలమా, ఇవి రాయండి. జాతి మీద ఏమాత్రం అనుమానం ఉన్నా, పువ్వో కాయో వచ్చేదాకా ఆగి చూసుకోండి. మన దగ్గర కొనేవాళ్లు నమ్మకంతో కొంటున్నారు. ఆ నమ్మకం పోతే తీగలాగా మళ్లీ చిగురించదు.