నల్లగొండ విధానం

బురదనీటి కుండలో చిల్లగింజను అరగదీసి కలపడం, పటికముక్కను నాలుగుసార్లు త్రిప్పడం మన పెద్దలకు తెలిసిన ఉపాయాలు. కొంతసేపటికి మడ్డి అడుగుకు దిగి, నీరు తేటపడుతుంది. తేటనీరే మంచినీరని మనం సాధారణంగా భావిస్తాము. కాని కంటికి కనబడక, నాలుకకు తెలియక, తేటనీటిలోనే దాగియుండే దోషాలు కొన్ని ఉన్నవి. అందులో ఫ్లోరైడు ఒకటి. దానిని తొలగించుటకు ఇంజనీర్లు రూపొందించిన ఒక పద్ధతికి మన తెలుగు జిల్లా పేరే నిలిచిపోయినది. అదే నల్లగొండ విధానం.

ఈ ఫ్లోరైడు కర్మాగారాలు వదలిన మురుగు కాదు. భూమిలోని గ్రానైటు శిలలలో ఫ్లోరిన్ గల ఖనిజాలు ఉంటాయి. వాటి సందులలో చిరకాలం నిలిచిన నీటిలోనికి ఫ్లోరైడు కొంచెం కొంచెంగా కరగి చేరుతుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఇది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరొక నీటివనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. అనగా వెయ్యి లీటర్ల తొట్టిలో గ్రామున్నర మాత్రమే. అంతకు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగితే, పసితనంలో ఏర్పడే పండ్లపై మచ్చలు వస్తాయి. మోతాదు మరింత హెచ్చినచోట కీళ్లు బిగుసుకొని, వెన్ను వంగిపోతుంది. ఒకసారి వంగిన ఎముకను తిరిగి చక్కజేయగల మందు లేదు. నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలోని ఈ వ్యాధిని గూర్చి షార్ట్, ఆయన సహచరులు 1937లోనే వైద్యపత్రికలలో ప్రకటించారు.

నాగపూరులో 1958లో స్థాపితమై, 1974లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థగా పేరు మారిన సంస్థలోని పరిశోధకులు 1970ల మధ్యకాలంలో ఈ విధానాన్ని రూపొందించారు. వారు ఎన్నుకొన్న పదార్థాలు మూడు: పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు. పటిక నీటిలో కరగినప్పుడు దూదిపింజలవంటి అల్యూమినియం తునకలు ఏర్పడతాయి. ఫ్లోరైడు వాటిని అంటిపెట్టుకొని అడుగుకు దిగుతుంది. పటికవల్ల నీరు పులుపెక్కకుండా సున్నం కాపాడుతుంది. సున్నం పాలు పటికలో ఇంచుమించు ఇరువదవ వంతు. బ్లీచింగు పౌడరు సూక్ష్మజీవులను నశింపజేస్తుంది. ఇంటిలోనైతే నలుబది లీటర్ల బకెట్టు చాలును. మందులు కలిపి, పది నుండి ఇరువది నిమిషాలు మెల్లగా త్రిప్పి, గంటసేపు కదలించక ఉంచాలి. అడుగుకు కొంచెం పైగా అమర్చిన కుళాయినుండి పైనీటిని తీసుకోవాలి. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశాలవారు కూడా ఈ విధానాన్ని అనుసరించి చూచారు.

ఇంత సులభమైన ఉపాయంతో సమస్య ఎందుకు తీరిపోలేదు? బురదను దించుటకు చిటికెడు పటిక చాలును. ఫ్లోరైడును దించుటకు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఆ మోతాదు బావిబావికీ మారుతుంది. నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణాన్ని పరీక్షించిన తరువాతనే దానిని నిర్ణయించగలము. తగ్గితే ఫ్లోరైడు మిగిలిపోతుంది; హెచ్చితే అల్యూమినియం మిగిలే ప్రమాదమున్నది. పైగా, నీటినుండి తీసిన ఫ్లోరైడు మాయమైపోదు. అది అడుగునున్న మడ్డిలోనే ఉంటుంది. ఆ మడ్డిని బావిగట్టునే పారబోస్తే మన శ్రమ మనమే వృథా చేసుకొన్నట్లు. కనుక రసాయనం ఎంత చక్కగా పనిచేసినా, ప్రతిదినం కొలిచి కలిపే చేయి ఎవరిది, ఖర్చు ఎవరిది, మడ్డి ఎక్కడికి చేరవలెను అనే మూడు ప్రశ్నలకు ఊరిలో జవాబు ఉండాలి. పదికాలాలు నిలిచే పరిష్కారమంటే అదే.

ఆ కారణంచేతనే నీటిని శుద్ధిచేయుటకంటె నీటివనరునే మార్చుట మేలనే అభిప్రాయం బలపడినది. కృష్ణాజలాలను నల్లగొండ పల్లెలకు చేర్చే ప్రయత్నాలు జరిగినవి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదుల నీటిని తెలంగాణ గ్రామాల ఇళ్లకు అందించుటకు ఉద్దేశించిన పథకం. అయినను గొట్టపునీరు రానినాడు చేయి మరల బోరువైపే పోతుంది. కావున బోరునీటిని త్రాగుటకు వాడే కుటుంబాలు దానిని ఒకసారి పరీక్ష చేయించుకొనడం అవసరం. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి పరీక్షాశాలలు ఇందుకు ఉన్నవి. మరిగించినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొలదీ మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చుతుంది. ఇంటిలో పాలపండ్లు ఊడుతున్న పిల్లలున్నప్పుడు ఈ పరీక్షను రేపటికి వాయిదా వేయరాదు.