వానలో పరుగు - ఎండలో వివేకం

ఒక మంచి పనిని ప్రారంభించడం సులభం. దానిని కొనసాగించడం కష్టం. మనుషులలో మూడు తరగతుల వారున్నారని భర్తృహరి చెప్పాడు. ఆటంకాలకు జంకి పనికే పూనుకోనివారు అధములు. ఆరంభించి, విఘ్నం కలుగగానే విడిచిపెట్టేవారు మధ్యములు. ఎన్ని విఘ్నాలు ఎదురైనా పట్టు వదలనివారు ధీరులు. కొత్తగా పరుగు సాధన మొదలుపెట్టిన యువకులలో చాలామందిని రెండవ తరగతిలో చేర్చేది వాతావరణమే. ముసురు పట్టిన తొలి ఉదయమే వారి ఆరంభశూరత్వం బయటపడుతుంది.

తెలుగు నేలపై పరుగుకు పూర్తిగా అనుకూలమైన రోజులు తక్కువ. వేసవిలో వడగాడ్పులు, తరువాత నైరుతి ఋతుపవనాలు, ఆపై తుపానులు, శీతకాలంలో మన్యం ప్రాంతాలలో దట్టమైన మంచు. ఇవన్నీ తొలగిన తరువాతే పరుగెడతాననేవాడు ఏడాదిలో అధికభాగం ఇంటివద్దనే ఉండిపోవలసి వస్తుంది. పరీక్ష మాత్రం అతని కోసం ఆగదు. 2022లో ప్రకటించిన తెలంగాణ పోలీసు నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని నిర్ణయించారు. పరుగు జరిగే రోజున వాతావరణం ఎలా ఉంటుందో నిర్ణయించుకొనే అవకాశం అభ్యర్థికి లేదు. హైదరాబాదు మారథాన్ కూడా ఏటా ఆగస్టు మాసంలో, వానాకాలంలోనే జరుగుతుంది.

అయితే పట్టుదల అంటే మొండితనం కాదు. అసౌకర్యం వేరు, అపాయం వేరు. ఈ భేదాన్ని గుర్తించడమే కొత్త సాధకుడు నేర్వవలసిన మొదటి పాఠం. చిరుజల్లు, చలి, బురద, తడిసిన బట్టలు అసౌకర్యాలు మాత్రమే. వీటిని సాకుగా చూపి సాధన మానరాదు. ఉరుములు, మెరుపులు, వడగాడ్పు, రహదారిపై పొంగి ప్రవహించే నీరు అపాయాలు. వీటిని లెక్కచేయకపోవడం వీరత్వం కాదు, అవివేకం. ఉరుము వినిపించగానే పక్కా భవనంలోకి చేరాలి. చెట్టు క్రింద నిలబడరాదు. చివరి ఉరుము వినిపించిన తరువాత కనీసం 30 నిమిషాలు వేచి ఉండాలి. నీరు నిలిచిన చోట తెరచి ఉన్న మురుగు కాలువ కంటికి కనిపించదు కనుక ఆ మార్గాన్ని విడిచిపెట్టాలి.

ఎండ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చెమట ఆవిరి కావడం వలన శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాలలో చెమట త్వరగా ఆరదు; అందువలన వేడి శరీరంలోనే నిలిచిపోతుంది. అయినా శరీరానికి అలవాటుపడే శక్తి ఉంది. రోజూ కొద్దికొద్దిగా సాధన చేస్తే సుమారు 10 నుండి 14 రోజులలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. సాధన మానితే ఈ లాభం కొద్ది వారాలలోనే పోతుంది. కావున వేసవిలో తెల్లవారుజామున, పక్కవారితో మాట్లాడగలిగేటంత నెమ్మదిగా పరుగెత్తాలి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే ఆగి నీడకు చేరాలి. మాట తడబడినా, మనిషి అయోమయంలో పడినా అది వడదెబ్బ కావచ్చు. అప్పుడు తోటివారు అతని శరీరాన్ని నీటితో తడిపి చల్లబరుస్తూ 108 వాహనాన్ని పిలవాలి.

ఇక ఉత్సాహం నిలుపుకొనే మార్గాలు చూద్దాం. ఉత్సాహం వచ్చిన తరువాత బయలుదేరాలనుకొనేవారికి అది రాదు. బయలుదేరినవారికి దారిలో కలుగుతుంది. బట్టలు, బూట్లు రాత్రే సిద్ధం చేసుకోవాలి. అపాయం లేని రోజున, "పది నిమిషాలు పరుగెత్తి తిరిగి వస్తాను" అని మాత్రమే సంకల్పించాలి. పది నిమిషాలు గడిచాక వెనుదిరగాలనిపించడం అరుదు. వానలో వేగాన్ని కాక కాలాన్ని లెక్కించుకోవాలి. తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కితే మరునాటికి ఆరుతాయి. బయటకు వెళ్లరాని రోజున మెట్లు ఎక్కిదిగినా, తాడాట ఆడినా సాధన తెగిపోదు. అన్నింటికంటే ముఖ్యమైనది తోడు. వీధి చివర మిత్రుడు ఎదురుచూస్తున్నాడని తెలిస్తే దుప్పటి వదలడం తేలికవుతుంది.

ఈ సత్యాన్ని 2018 ఏప్రిల్‌లో అమెరికాలో జరిగిన బోస్టన్ మారథాన్ నిరూపించింది. ఆ రోజు ఎముకలు కొరికే చలి, జోరువాన, బలమైన ఎదురుగాలి. అనేకమంది అగ్రశ్రేణి క్రీడాకారులు మధ్యలోనే విరమించారు. డెజిరే లిండెన్ కూడా మొదట్లో విరమించాలనే తలచింది. ఎలాగూ పూర్తి చేయలేననుకొని, తోటి క్రీడాకారిణి షలేన్ ఫ్లానగన్‌కు సాయపడతానని చెప్పింది. ఫ్లానగన్ కొద్దిసేపు ఆగవలసి వచ్చినప్పుడు ఆమె కోసం వేగం తగ్గించి, ఆమెను తిరిగి ముందున్న గుంపుతో కలిపింది. ఇతరుల కోసం ఒక్కొక్క మైలు పరుగెత్తుతూ పోయిన లిండెన్ చివరకు 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లలో విజేతగా నిలిచింది. 1985 తరువాత ఆ పందెంలో గెలిచిన తొలి అమెరికన్ మహిళ ఆమె. పురుషులలో గెలిచిన జపాన్ దేశీయుడు యూకి కవాఉచి అప్పటికి ప్రభుత్వోద్యోగం చేసుకుంటూనే సాధన సాగించినవాడు.

మబ్బును తొలగించడం మన చేతిలో లేదు. ఏ రోజున ఆగాలో, ఏ రోజున సాగాలో తెలుసుకోవడం మన చేతిలో ఉంది. ఆగవలసిన రోజున ఆగినవాడు మరునాడు పరుగెత్తడానికి మిగులుతాడు. సాగవలసిన రోజున సాగినవాడు గమ్యాన్ని చేరుతాడు.