రెండు తాళాల గది

మా మామయ్య చిత్తూరు ట్రెజరీలో గుమాస్తాగా ఉండేవారు. అక్కడి స్ట్రాంగు రూము కథలు చిన్నప్పుడు నోరు తెరుచుకుని వినేవాణ్ణి. దానికి రెండు తాళాలు. చెవులు ఇద్దరు ఉద్యోగుల దగ్గర ఉండేవి. ఇద్దరూ వస్తే గాని ఒక్క స్టాంపు కాగితమైనా బయటికి రాదు. "ఒకడి బుద్ధి వక్రించవచ్చునురా! ఇద్దరి బుద్ధీ ఒకే రోజున వక్రించడం అరుదు" అనేవారాయన.

కిందటేడు ఆ మాట మళ్లీ గుర్తుకొచ్చింది. తిరుపతిలో మా విద్యార్థిని ఒకమ్మాయి కళ్లనీళ్లతో వచ్చింది. ఆమె ఈమెయిల్‌లో ఎవరో దూరి పాస్‌వర్డ్ మార్చేశారు. స్కాలర్‌షిప్ ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి. "నేనెవరికీ చెప్పలేదు సార్!" అంది. నిజమే, ఆమె చెప్పలేదు. అదే పాస్‌వర్డ్‌ను ఒక దుకాణం వెబ్‌సైటులోనూ పెట్టుకున్నది. దొంగలు దోచింది ఆ దుకాణాన్ని!

పెద్ద సంస్థలకూ ఈ గతి తప్పలేదు. 2012 జూన్‌లో లింక్‌డిన్ నుంచి 65 లక్షల పాస్‌వర్డ్‌ల గుర్తులు బయటపడ్డాయి. 2016కు ఆ లెక్క 11 కోట్లు దాటింది. అన్నీ ఒకే గదిలో ఉంటే ఒక్క కన్నం చాలు గదా! ఆ 2012 అక్టోబరులోనే ఆర్‌ఎస్‌ఏ అనే సంస్థ, పాస్‌వర్డ్‌ను రెండు సర్వర్లకు పంచి దాచే పద్ధతిని ప్రకటించింది.

అదెలాగంటారా? మీ రహస్యం 37 అనుకోండి. మొదటి సర్వరుకు ఇష్టం వచ్చిన అంకె, 82, ఇస్తారు. రెండవదానికి 55. రెండూ కూడితే 137; చివరి రెండంకెలే మన 37. ఒక్క 82 దొరికిన దొంగకు ఏమీ తెలియదు. 00 నుంచి 99 దాకా రహస్యం ఏదైనా కావచ్చు.

మళ్లీ మీరు లోపలికి రాబోయినప్పుడు 37ను మీ యంత్రమే కొత్తగా చీలుస్తుంది: మొదటిదానికి 64, రెండవదానికి 73. "నా దగ్గర 18 తగ్గింది" అంటుంది మొదటి సర్వరు. "నా దగ్గర 18 పెరిగింది" అంటుంది రెండవది. తగ్గినంతా పెరిగింది గనుక పాస్‌వర్డ్ సరైనదే. చూశారా, ఆ 37 ఏమిటో ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు! అసలు పద్ధతిలో అంకెలు ఎంతో పెద్దవి. లెక్క మాత్రం ఇదే తీరు. పైగా దాచిన ముక్కలను అప్పుడప్పుడు మారుస్తారు. నిన్న దొంగిలించిన ముక్క నేటి ముక్కతో అతకదు.

అయితే రెండు సర్వర్లకూ ఒకే ఉద్యోగి కాపలా అయితే, రెండు తాళాలూ ఒకే మొలకు కట్టినట్టే. మన పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి పాస్‌వర్డ్ పెట్టుకుంటే, దొంగ కన్నం వేయనక్కరలేదు. వీధి వాకిలి నుంచే వస్తాడు.

ఆ అమ్మాయికి ఈమెయిల్ పదిరోజులకు తిరిగి దక్కింది. ఈలోగా స్కాలర్‌షిప్ గడువు దాటిపోయింది. ఆమె ఇప్పుడు ఒక్కోచోట ఒక్కో పాస్‌వర్డ్ పెట్టుకుంటున్నది. సర్వరును చీల్చడం మన చేతిలో లేదు. ఇది మాత్రం ఉన్నది.